కంప్రెషన్ పోయిందంటే వెంటనే ఇంజన్ దించాలా?

మీరు రాసింది ఇదీ: 2003 మోడల్ మారుతి జెన్. సిగ్నల్ దగ్గర ఆగితే బండంతా వణుకుతోంది. ఏసీ వేస్తే జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కనంటోంది. మెకానిక్ చూసి "కంప్రెషన్ పోయింది సార్, ఇంజన్ దించి బోర్ చేయించాలి, 45 వేలవుతుంది" అన్నాడు. చేయించాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే ఒప్పుకోకండి. ఆయన అబద్ధం చెప్పాడని కాదు, కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కితే పుట్టే ఒత్తిడి, నిజంగానే తగ్గి ఉండొచ్చు. కానీ ఎక్కడినుంచి పోతోందో తేలకుండా 45 వేల లెక్క ఎలా వచ్చింది? సిలిండర్లో గాలి లీకవడానికి ముఖ్యంగా మూడు దారులు: పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి కిందికి, గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే వాల్వుల సందులోంచి పైకి, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ కింది సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ దగ్గర పక్కకి. బోర్ పని, అంటే సిలిండర్ లోపలి గోడను చెక్కి సరిచేయడం, మొదటిదానికే. మిగతా రెండింటికీ సాధారణంగా హెడ్ విప్పితే సరిపోతుంది, ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

ముందు ఆయన్ని ఒక్కటే అడగండి: "నాలుగు సిలిండర్ల రీడింగులు ఎంతెంత వచ్చాయి?" చెప్పలేకపోతే ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టలేదనే అర్థం. చెవితో విని చెప్పే ఉస్తాద్‌లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు, వాళ్ల మాట చాలాసార్లు నిజమవుతుంది కూడా. కానీ చెవికి ఏ సిలిండరో తెలుస్తుంది, ఏ దారో తెలియదు. పైగా వణుకు, పికప్ లేకపోవడం అన్నవి ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ పోయినా వస్తాయి, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయినా వస్తాయి.

కంప్రెషన్ గేజ్ రాణిగంజ్‌లో టూల్స్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. రబ్బరు మొన నొక్కి పట్టుకునేది వద్దు, ప్లగ్ రంధ్రంలో స్క్రూలా తిప్పి బిగించే పైపు ఉన్నది తీసుకోండి. ఇంజన్ వేడెక్కాక, చెయ్యి కాలకుండా కాసేపు ఆగి, ప్లగ్గులన్నీ విప్పేయండి. ఇంధన పంపు రిలే పీకేయండి, కాయిల్ కనెక్షన్ తీసేయండి. గ్యాస్ కిట్ ఉంటే దాని వాల్వ్ కట్టేయండి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడుతుంటే, ముల్లు ఇక పెరగదనేదాకా, అంటే ఐదారు పంపులు, చూడాలి. యాక్సిలరేటర్ తొక్కకపోతే గాలి లోపలికి సరిగా రాదు, మంచి ఇంజన్ కూడా తక్కువే చూపిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే. నాలుగూ ఒకేలా తక్కువ వస్తే రింగుల్ని అనేముందు బ్యాటరీని, ఆ తర్వాత వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్ట్‌ని అనుమానించండి. బెల్ట్ ఒక పన్ను జారినా అన్ని సిలిండర్లూ కలిసే పడిపోతాయి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి ఒత్తిడి ఆరు శాతం దాకా తక్కువ. వైజాగ్‌లో 180 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) చూపించే ఇంజన్ ఇక్కడ 170 దగ్గర ఆగుతుంది. ఫోన్లో వైజాగ్ బావగారి రీడింగులు విని టెన్షన్ పడక్కర్లేదు. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ తేడా పది పదిహేను శాతం దాటితే అప్పుడు ఆలోచించాలి. మీ మోడల్‌కి కచ్చితమైన హద్దు సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది.

నా పాత మారుతి 800 కథ చెబుతాను, మీ లక్షణాలు దానికి దగ్గరగా ఉన్నాయి. మూడు సిలిండర్ల బండి, చాలా ఏళ్లు ఎల్పీజీ మీద తిరిగింది. రీడింగులు 168, 165, 95. నాకూ ఒక షెడ్డులో బోర్ చేయించమన్నారు. 95 వచ్చిన సిలిండర్లో చిన్న చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ సెల్ఫ్ కొట్టాం. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందు మూస్తుంది కాబట్టి తప్పు రింగులదైతే అంకె గట్టిగా లేవాలి. 100 దాకా వచ్చి ఆగిపోయింది. అంటే పోతున్నది కిందికి కాదు. (ఆయిల్ ఎక్కువ పోయకండి. లోపలి ఖాళీ తగ్గి దొంగ రీడింగ్ వస్తుంది. మరీ ఎక్కువైతే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డే వంగొచ్చు.)

తర్వాత ఆ సిలిండర్ పిస్టన్‌ని, రెండు వాల్వులూ మూసుకుని ఉండే స్ట్రోక్‌లో, పూర్తిగా పైకి తెచ్చి ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టాం. ఇంజన్‌ని చేత్తో తిప్పడానికి క్రాంక్ బోల్టు మీద పెట్టిన పానా అలాగే వదిలేసి ఈ పని చేయకండి, గాలికి ఇంజన్ తిరిగితే అది ఎగిరొచ్చి తగులుతుంది. ఇప్పుడు చెవి పని మొదలు. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, అక్కడ కాస్త చప్పుడు మంచి ఇంజన్లోనూ ఉంటుంది. రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్, కానీ ఆ మూత చల్లారాకే తీయండి. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోయినా మొదటి అనుమానం గ్యాస్కెట్ మీదే. నా బండికి సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చింది చప్పుడు. ఎగ్జాస్ట్ వాల్వ్.

వాల్వ్ కవర్ విప్పి ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్ కాడకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నని సందు) చూస్తే, ఆ వాల్వ్ దగ్గర సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో అన్నిటికంటే పలచని రేకు కూడా దూరలేదు. గ్యాస్ మీద ఎక్కువగా నడిచిన పాత ఇంజన్లలో వాల్వ్ సీటు అరిగి వాల్వ్ కొంచెం కొంచెం పైకి జరుగుతుంది, గ్యాప్ కరిగిపోతుంది. చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సీటుకు ఆనితేనే దాని వేడి దిగుతుంది కాబట్టి అంచు కాలిపోతుంది. టకటకమనే ట్యాపెట్‌కి అందరూ భయపడతారు గానీ, నన్నడిగితే అసలు చప్పుడే లేని ట్యాపెట్ ఎక్కువ ప్రమాదం. గ్యాప్ సరిచేశాక రీడింగ్ 95 నుంచి 120కి లేచింది, అంతకుమించి కదల్లేదు. ముందే చూసి ఉంటే గ్యాప్ సరిచేసే స్క్రూ తిప్పడంతోనే అయిపోయేది.

హెడ్ దించాక చూస్తే ఆ వాల్వ్ అంచు ఒకచోట ఎలుక కొరికినట్టు ఉంది. లేత్ షాపులో సీట్లు కట్ చేసి, కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు వేసి గ్రైండింగ్ చేశారు, హెడ్ ఫేసింగ్ (అడుగు వంకర లేకుండా ఉందా అని) చూశారు. బిగించేముందు హెడ్‌ని తిరగేసి, పాత ప్లగ్గులు పెట్టి, వాల్వుల మీద పెట్రోల్ పోసి కాసేపు ఉంచాలి. వాల్వుల వెనక గాలి దారుల్లో (పోర్టుల్లో) తడి కనిపిస్తే మళ్లీ రుద్దాలి. ఇది మీ కళ్లముందు చేయించండి. మేస్త్రీ విసుక్కుంటాడు, పర్లేదు. పని అయ్యాక మూడో సిలిండర్ 165 చూపించింది. బోర్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

మీ బండికి ఆయిల్ పోయగానే అంకె బాగా లేచి, వెనక నీలం పొగ వస్తూ, ఆయిల్ తరచూ తగ్గుతుంటే మాత్రం మీ మెకానిక్ చెప్పిందే నిజం. రింగులు, బోర్ పనే. అప్పుడు కూడా నాలుగూ దగ్గరదగ్గరగా, ఉదాహరణకి 135, 140 మధ్య ఉంటే, ఇరవై ఏళ్లు దాటిన బండికి నేనైతే 45 వేలు పెట్టను. ఆయిల్ లెవెల్ వారం వారం చూసుకుంటూ నడిపిస్తాను. వణుకు నాలుగూ సమానంగా తగ్గడం వల్ల రాదు, దానికి ఇంజెక్టర్లు, కాయిల్, ఇంజన్ మౌంటింగులు చూపించండి.