నయాగరా మళ్లీ ఎందుకురా, పడమటికి తిప్పు బండి

చిరంజీవి కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి, "అక్కా, వీడు మమ్మల్ని మళ్లీ నయాగరా అంటున్నాడే" అంది. పోయినసారి ఆ పడవలో తడిసి వారం రోజులు ముక్కు చీదుకుంటూ కూర్చుందట. నీతో అనలేక నాతో అంది. నేను చెప్పినట్టు దాని దగ్గర బయటపడకు.

మీ నాన్న నలభై ఏళ్లు పొలం గట్ల మీద నడిచిన మనిషి. టైమ్స్ స్క్వేర్లో ఆయన జనాన్ని చూసి భయపడ్డాడే గానీ సంతోషపడలేదు. అదే ఐ-70 హైవే ఎక్కించి పడమటికి తీసుకెళ్లావనుకో, కారు అద్దంలోంచే ఆయనకు సగం సినిమా అర్థమవుతుంది. ఓహాయోలోని మీ డబ్లిన్ నుంచి సెయింట్ లూయిస్ దాకా నాలుగు రోజులు పెట్టుకో. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు సందడి తగ్గాక బయల్దేరండి. అప్పటికి మొక్కజొన్న ఇంకా కోతకు రాకుండా నిలబడే ఉంటుంది.

మొదటి మజిలీ మీ ఇంటి పక్కనే ఉంది. నువ్వేమో రోజూ ఆఫీసుకి దాని ముందు నుంచే పోతుంటావు. పచ్చిక బయల్లో 109 కాంక్రీటు మొక్కజొన్న పొత్తులు, ఒక్కోటి మనిషంత ఎత్తు, వరసగా నిలబెట్టారు. 1994లో పెట్టిన శిల్పం అది. ఆ స్థలం ఒకప్పుడు శామ్ ఫ్రాంట్జ్ అనే ఆయన హైబ్రిడ్ మొక్కజొన్న పెంచిన పొలం. హైబ్రిడ్ విత్తనం కోసం తెల్లారుజామున కొట్టు ముందు క్యూలో నిలబడ్డ మీ నాన్నకి ఈ మాట చెప్పి చూడు, గంట దాకా అక్కణ్ణుంచి కదలడు.

అన్నట్టు, దారిలో పొలాల్లోని పొత్తుల మీద చెయ్యి వెయ్యనీయకు. మేం వచ్చిన కొత్తలో మీ పెదనాన్న ఒకటి విరిచి తెచ్చి స్టవ్ మీద కాల్చారు. నమిలితే చెక్క. ఇక్కడ కనిపించేదంతా దాదాపు పశువుల దాణాకి, ఇథనాల్‌కి పోయే రకం. పైగా పరాయివాడి చేలోది, దొంగతనం కూడాను. ఆ ముక్క మాత్రం ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

డేటన్‌లో వైమానిక దళం మ్యూజియం ఉంది, టికెట్ లేదు. 1963లో అధ్యక్షుడు కెనెడీ చనిపోయాక జాన్సన్ కొత్త అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన విమానంలోకి ఎక్కి చూడొచ్చు. నడవా బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మని వెనకనుంచి తొందరపెట్టకు. ఒక పూట చాలు. మొత్తం చూస్తానంటే మీ నాన్న కాళ్లు పట్టేస్తాయి.

ఆ రాత్రికి ఇండియానాలోని కొలంబస్ చేరండి. జాగ్రత్త, ఓహాయోలోనూ కొలంబస్ ఉంది, అది మీ పక్కదే. మీ పెదనాన్న ఒకసారి హోటల్ బుక్ చేసి, మూడు గంటలు నడిపి, కౌంటర్ దగ్గర ఫోన్ చూపిస్తే ఆ అమ్మాయి పాపం నవ్వాపుకోలేకపోయింది. బుకింగ్ మనం బయల్దేరిన ఊళ్లోనే ఉంది. రాష్ట్రం పేరు రెండుసార్లు చూసుకో.

ఆ ఊరు యాభై వేల జనాభా. కానీ చూడ్డానికి ఆర్కిటెక్టులు ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. కారణం కమ్మిన్స్. అవును, మన రైస్ మిల్లు వెనక షెడ్డులో డగడగమనే జనరేటర్ మీద పేరు చూశావే, ఆ కంపెనీ పుట్టిల్లు ఇదే, 1919లో. దాన్ని నడిపిన ఇర్విన్ మిల్లర్ 1950లలో ఊరికో మాట ఇచ్చాడు: బడి కట్టుకోండి, మంచి ఆర్కిటెక్టుని పెట్టుకోండి, ఆయన ఫీజు మా ఫౌండేషన్ కడుతుంది అని. బడుల తర్వాత ఫైర్ స్టేషన్లూ అలాగే లేచాయి. లైబ్రరీ గీసింది ఐ.ఎమ్.పే అనే పేరున్న ఆర్కిటెక్టు, 1969లో తెరిచారు. సాయంత్రం ఎండ వాలేటప్పుడు ఆ ఎర్ర ఇటుకల ముందు బెంచీ మీద కూర్చోబెట్టు. మిల్లర్ ఇల్లు చూడాలంటే మాత్రం ముందే టికెట్ తీసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే కుదరదు.

హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టుకో, పోపు మాత్రం పెట్టకు. ఎండుమిర్చి ఘాటుకి అలారం మోగి, అర్ధరాత్రి చలిలో అందరితోపాటు పార్కింగ్‌లో నిలబడ్డ అనుభవంతో చెబుతున్నాను. పులిహోర, పెరుగన్నం, కారప్పూస ఇంటినుంచే కట్టుకెళ్లండి. చిన్న ఊళ్లలో మీ అమ్మకి దొరికేది గ్రిల్డ్ చీజ్, ఒక ముక్క పై. ఆది, సోమవారాల్లో చాలాచోట్ల అవీ దొరకవు.

మర్నాడు మళ్లీ ఐ-70 పట్టేముందు ఓ గంట కౌంటీ రోడ్ల మీద నడుపు. మైలుకో అడ్డరోడ్డు, గీత గీసినట్టు. 1785 నాటి చట్టం ప్రకారం నేలని మైలు చదరాలుగా కొలిచారు, ఒక్కో చదరం 640 ఎకరాలు. మన గట్టు తగాదాలు చూసిన మనిషికి అది కళ్లారా చూపించాలి. కానీ కూడళ్ల దగ్గర పూర్తిగా ఆగు. తలకంటే ఎత్తు చేను అడ్డం, పక్కనుంచి వచ్చే బండి అస్సలు కనిపించదు. చీకటి పడకముందే గది చేరు, జింకలు అడ్డం పడతాయి.

ఇల్లినాయి గీత దాటితే గడియారం గంట వెనక్కి జరుగుతుంది. మీ నాన్న షుగర్ మాత్ర పాత టైముకే వెయ్యి. వాళ్ల పాస్‌పోర్టులు, దేశంలోకి వచ్చినప్పటి ఐ-94 కాగితాలు, ఇన్సూరెన్స్ నెంబరు కారులోనే ఉంచు.

గీత దాటిన కాసేపటికే కేసీ. రెండున్నర వేలమంది కూడా లేని ఊరు, ప్రపంచంలోకెల్లా పెద్దవి చేసి పెట్టుకున్నారు: ఊగే కుర్చీ, పోస్టు డబ్బా, 55 అడుగుల గాలిగంట. దాని తాడు మీ అమ్మ చేతికివ్వు. లాగీ లాగగానే మోగదు, కాసేపు ఊగి అప్పుడు మోగుతుంది. దగ్గర నిలబడితే ఆ మోత చెవికి కాదు, గుండెకాయకి తగులుతుంది.

చివర్న కాలిన్స్‌విల్. అక్కడ 170 అడుగుల కెచప్ సీసా ఉంది, 1949లో కట్టిన వాటర్ ట్యాంకు. రెండు నిమిషాలు, ఒక ఫోటో, పద. అసలు చూడాల్సింది పక్కనే, కహోకియా. వెయ్యేళ్ల కిందట మూలవాసులు బుట్టలతో మట్టి మోసి నూరడుగుల ఎత్తు దిబ్బ లేపారు. వాళ్లకీ తిండి మొక్కజొన్నే. మన అమరావతి స్తూపాన్ని కూడా ఒకప్పుడు దీపాలదిన్నె అనేవారు కదా, నాకు అదే గుర్తొచ్చింది. మెట్లున్నాయి, మీ అమ్మ ఎక్కలేకపోతే కింద నీడన కూర్చోబెట్టు, ఆయన్ని పైకి తీసుకెళ్లు. అక్కణ్ణుంచి సెయింట్ లూయిస్ ఆర్చ్ కనిపిస్తుంది.

ఇంకొక్కటి. కేసీలో ఆ పోస్టు డబ్బాలోకి మెట్లెక్కి వెళ్లొచ్చు, ఉత్తరాలూ వెయ్యొచ్చు. మీ నాన్న చేత నాకో కార్డు రాయించు, తెలుగులోనే. చిరునామా ఒక్కటీ నువ్వు ఇంగ్లీషులో రాయి.

ఉంటాను,
పెద్దమ్మ