పది తరువాత అప్రెంటిస్: సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు చూడవలసినవి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. మా వారు కౌలుకు వరి పండిస్తారు. మా అబ్బాయి ఈ ఏడాది 371 మార్కులతో పది పాసయ్యాడు. ఇంటర్ చదవనని పట్టుబట్టాడు. సెలవుల్లో మేనమామ వెంట రొయ్యల గుంతల దగ్గరికి వెళ్లి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లు విప్పి బిగించడం నేర్చుకున్నాడు. కృష్ణపట్నం ఓడరేవు వైపు ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా చేర్పిస్తానని తెలిసినాయన ఒకరు ముప్పై వేలు అడుగుతున్నారు. ఏడాది తిరిగేసరికి పర్మనెంట్ అవుతుందట. బంధువులేమో ఇంటర్ కూడా చదవని వాడికి పిల్లనెవరిస్తారంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ముప్పై వేల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. అప్రెంటిస్‌షిప్‌లో డబ్బు కంపెనీ నుంచి పిల్లవాడికి రావాలి గాని, మీ ఇంటి నుంచి బయటికి పోకూడదు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడానికి రుసుము లేదు. ఇక ‘ఏడాదికి పర్మనెంట్’ అన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం ఏ కంపెనీకీ లేదు. యజమానే ఇవ్వనవసరం లేని దాన్ని మధ్యలో ఉన్న మనిషి ఎలా ఇప్పిస్తాడు?

ఆయన చెప్పేది అసలు అప్రెంటిస్‌షిప్ అవునా కాదా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మన జిల్లాల్లో ఈ మాటను చాలా వదులుగా వాడేస్తున్నారు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ యంత్రం దగ్గర నిలబెట్టినా, రొయ్యల ప్లాంటులో ట్రేలు మోయించినా ‘అప్రెంటిస్’ అనేస్తారు. అది హెల్పర్ పని. కష్టపడి సంపాదించుకునే పని కాబట్టి తప్పు పట్టను. కాని రెండేళ్లు చేసినా చేతికి సర్టిఫికెట్ రాదు.

నిజమైన దాన్ని గుర్తుపట్టడానికి ఒక కాగితం అడిగితే చాలు: ఒప్పంద పత్రం. కంపెనీకీ అప్రెంటిస్‌కూ మధ్య రాసుకునే ఆ ఒప్పందం పోర్టల్‌లో నమోదు కావాలి. మీ అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి అతని తరఫున మీరో మీ వారో సంతకం చేయాలి. అందుకే ఈ జాగ్రత్తలు అబ్బాయికి కాక మీకు రాస్తున్నాను. అందులో ఏ ట్రేడు (అంటే ఏ పని నేర్పుతారు), ఎన్ని నెలలు, నెలనెలా ఇచ్చే స్టైపెండ్ ఎంత అన్నవి స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి. అప్రెంటిస్‌కు పీసు లెక్కన డబ్బు ఇవ్వకూడదని చట్టం చెబుతోంది. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనే అధికారి అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం బాధ్యత యజమానిదే. ‘పీసుకింత ఇస్తాం, రాత్రి కూడా ఉంటే ఎక్కువ వస్తుంది’ అని ఎవరైనా ఆశ చూపితే అది అప్రెంటిస్‌షిప్ కాదని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఒప్పందం మనల్నీ కట్టేస్తుంది సుమా. కంపెనీ తన తప్పువల్ల మధ్యలో ఆపేస్తే పరిహారం కట్టాలి. మన పిల్లవాడు షరతులు పాటించక ఒప్పందం రద్దయితే శిక్షణ ఖర్చు కింద కొంత సొమ్ము తిరిగి కట్టమని సంరక్షకులను అడిగే వీలు ఉంది. నెల తిరక్కుండానే ఇంటికి వచ్చేసే స్వభావమైతే సంతకానికి ముందే ఆలోచించుకోవాలి.

స్టైపెండ్ సంగతి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం పది పాసైన వారికి నెలకు కనీసం 6000, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవారికి 7000 రూపాయలు ఇవ్వాలి. రెండో ఏడాది పది శాతం పెరుగుతుంది. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాలను 36 శాతం పెంచమని సిఫారసు చేసింది, కాబట్టి సంతకం చేసే నాటికి పోర్టల్‌లో ఏ రేటు ఉందో చూసుకోండి. జాతీయ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, గరిష్ఠంగా 1500 రూపాయలు, ప్రభుత్వం నేరుగా అప్రెంటిస్ ఖాతాలో వేస్తుంది. ఈ డబ్బుతో ఇల్లు గడవదు. బస్సు చార్జీలకు, అద్దె గదికి, మెస్సుకు సరిపోతే గొప్ప. అందుకే ఇంటికి దగ్గరగా ఉన్న చోటు వెతకమంటాను.

ఇక అసలు సలహా. పది కాగానే అప్రెంటిస్‌గా చేరడానికి చట్టంలో దారి ఉంది, పద్నాలుగేళ్లు నిండితే చాలు. ప్రమాదకర పరిశ్రమల్లో మాత్రం పద్దెనిమిది నిండాలి. ఓడరేవు చుట్టూ ఉన్న పెద్ద పరిశ్రమల్లో పదిహేనేళ్ల పిల్లవాడిని యంత్రం దగ్గరికి రానిచ్చేవి ఎన్ని ఉంటాయి చెప్పండి? మీ అబ్బాయిని ముందు ఐటీఐలో చేర్పించండి. రెండేళ్ల ట్రేడు పూర్తయ్యేసరికి వయసూ పద్దెనిమిదికి దగ్గరవుతుంది, చేతిలో సర్టిఫికెట్టూ ఉంటుంది. అప్పుడు అప్రెంటిస్‌గా వెళ్తే ఆ పేరుకు విలువ ఉంటుంది.

ఏ ట్రేడు? మోటార్లు విప్పుతున్నాడంటే ఎలక్ట్రీషియన్ అని అందరూ చెబుతారు. అది మంచిదే, సీటు వస్తే తీసుకోండి. నా మనసు మాత్రం ఇంకో ట్రేడు మీద ఉంది: రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్. మన తీరం వెంట రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐసు ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. ఒక కంప్రెసర్ ఆగిపోతే లోపల ఉన్న సరుకంతా కొన్ని గంటల్లో పాడవుతుంది. దాన్ని రాత్రికి రాత్రి నడిపించగల మెకానిక్ కోసం యజమానులే ఇంటికి వస్తారు. ఎలక్ట్రీషియన్‌కు పోటీ ఎక్కువ, దీనికి తక్కువ. ఫిట్టర్, డీజిల్ మెకానిక్ కూడా మన ప్రాంతంలో తిండి పెట్టే ట్రేడులే. కంప్యూటర్ ట్రేడు ఏడాదిలో అయిపోతుందని చాలామంది అటు పరుగెత్తుతున్నారు. మోటార్లు ఇష్టపడే పిల్లవాడిని అక్కడ కూర్చోబెట్టకండి. ప్రైవేటు ఐటీఐ అయితే ఆ ట్రేడుకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు (ఎన్‌సీవీటీ గుర్తింపు అంటుంటారు) ఉందో లేదో చూసి చేర్చండి.

ఐటీఐ తరువాత మన వైపు ప్రధానంగా రెండు తలుపులు. ఒకటి ఆర్టీసీ. నెల్లూరు, ప్రకాశం, తిరుపతి, చిత్తూరు జిల్లాల అభ్యర్థులకు వెంకటాచలం దగ్గర కాకుటూరులో ఉన్న జోనల్ శిక్షణ కళాశాల ద్వారా ఎంపిక జరుగుతుంది. రెండోది రైల్వే. అక్కడ రాతపరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసిన వారికి లెవెల్-1 (మొదటి మెట్టు) ఉద్యోగ నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తారు. పదిలో వచ్చిన మార్కులు ఇక మార్చలేం కాబట్టి ఐటీఐలో గట్టిగా చదవమని అబ్బాయికి చెప్పండి.

చాలామందికి తెలియక నష్టపోయేది ఇక్కడే: ఇప్పటికే ఎక్కడైనా అప్రెంటిస్ చేసినవారు, చేస్తున్నవారు అర్హులు కారని రైల్వే ప్రకటనల్లో రాసి ఉంటుంది. తొందరపడి ఏదో ఒక చిన్న చోట ఒప్పందం రాసుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది.

ఈ రెండూ కాకపోతే కంపెనీలు. ముప్పై మంది, అంతకు పైగా సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది నిబంధన. నలుగురు పనిచేసే వర్క్‌షాపు కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. మీ తమ్ముడికో అన్నయ్యకో మోటార్ల రీవైండింగ్ షాపు ఉండి అందులో నలుగురు పనిచేస్తుంటే, ఆ షాపునే పోర్టల్‌లో నమోదు చేయించే ఆలోచన కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే మేనమామ దగ్గర క్రమశిక్షణ ఎంతవరకు నిలుస్తుందో మీకే బాగా తెలియాలి.

అప్రెంటిస్ చివర అఖిల భారత స్థాయిలో ట్రేడ్ పరీక్ష రాయిస్తారు, పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఉద్యోగానికి హామీ లేదన్నాను గాని, ఇద్దరు అభ్యర్థులు అన్నింటా సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని 1995లో సుప్రీంకోర్టు ఒక రోడ్డు రవాణా సంస్థ కేసులో చెప్పింది.

బంధువుల మాటకు ఒక్క జవాబు చాలు. చదువు ఆగిపోవడం లేదు. ఐటీఐ చేశాక జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో నిర్ణీత పరీక్షలు పాసైతే ఇంటర్‌తో సమానమైన గుర్తింపు వస్తుంది. రెండేళ్ల ట్రేడు వాళ్లు పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది, అక్కడి నుంచి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంజినీరింగ్‌కూ వెళ్లవచ్చు. పెళ్లి మాట ఇంకో పదేళ్ల తరువాత చూద్దాం.

ఈ వారం చేయవలసింది ఒకటుంది. మార్కుల మెమోలో ఉన్న పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో అచ్చంగా అలాగే ఉన్నాయేమో సరిచూడండి. తేడా ఉంటే ఐటీఐ ప్రవేశాలకు ముందే సరిచేయించండి. అబ్బాయి పేరున ఖాతా తెరిచి ఆధార్‌తో అనుసంధానం చేయించండి, స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా పడేది అందులోకే.