అప్పు తెచ్చి ఆదుకుంటే ఎన్ని నెలలు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం 28,000, ఇంటి ఖర్చు 22,000. మా పిన్ని కొడుకు మేస్త్రీ పనిలో పైనుంచి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుం కిందంతా చచ్చుబడిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలు. బంధువులం తలా కొంత వేస్తున్నాం. నేను రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చి ఇద్దామనుకుంటున్నాను. బ్యాంకులో నాకున్నది 15,000. ఇవ్వమంటారా?

జవాబు: అప్పు తెచ్చి మాత్రం ఇవ్వొద్దు. ఈ పొరపాటు మంచి మనసున్నవాళ్లే చేస్తారు, అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

2 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,000. మీకు మిగిలేదే 6,000. నాలుగేళ్లు దాటేసరికి వడ్డీయే 2 లక్షలవుతుంది, అసలు అలాగే కూర్చుంటుంది. ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే? మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడతారు, ఈసారి మూడు రూపాయలకు.

మీ తమ్ముడిది ఒక్కసారితో తీరే ఖర్చు కాదు. కేథెటర్లు, యూరిన్ బ్యాగులు, డైపర్లు, ఫిజియోథెరపీ నెలనెలా ఉంటాయి. పడకపుండ్లు పడితే మళ్లీ ఆసుపత్రే. మొదట్లో అందరూ ఇస్తారు, ఏడాది తిరిగాక అడిగేవాళ్లుండరు. మీరు కావలసింది అప్పుడు. కాబట్టి నెలకు 2,000 చొప్పున, ఆపకుండా, అతని భార్య ఖాతాలో వేయండి.

మిగతా 4,000 మీ అత్యవసర నిధికి. ఆరు నెలల ఖర్చు, అంటే 1,32,000 చేరేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఇప్పుడున్న 15,000 కలుపుకున్నా దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది. పట్టనివ్వండి. "ముందు తమ్ముడు, తర్వాత నా సంగతి" అనిపిస్తుంది, తెలుసు. కానీ మీ జీతం మూడు నెలలు ఆగితే అతనికి వెళ్లే 2,000 కూడా ఆగుతుంది. ఈ నిధి అతని కోసం కూడా. అది నిండాక సాయం 4,000కు పెంచండి.

మీరూ మీ భార్యా ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (బ్యాంకు ఖాతా నుంచి కట్ అయ్యే ప్రధానమంత్రి ప్రమాద బీమా) ఈ వారమే కట్టండి. మీ తమ్ముడి పాస్‌బుక్‌లో కూడా ఆ 20 రూపాయలు కట్ అయ్యాయేమో వెతకండి. చాలామందికి అది పోతున్న సంగతే తెలియదు. ప్రమాదంలో రెండు కాళ్లూ శాశ్వతంగా పనికిరాకుండా పోతే 2 లక్షలు వస్తాయి. మీరు అప్పు తేవాలనుకున్నది సరిగ్గా అంతే!

పనిలో పడ్డాడు కాబట్టి కాంట్రాక్టరు చట్టప్రకారం నష్టపరిహారం కట్టాలి. రెండేళ్ల గడువు దాటకుండా క్లెయిం వేయించండి. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకుంటే ఒడిశా ప్రభుత్వమిచ్చే మధుబాబు పెన్షన్‌కు, ఉచిత వీల్‌చైర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లోని కేంద్ర పునరావాస సంస్థలో ఒకసారి చూపించండి.

అప్పిస్తానన్న మనిషికి ఇప్పటికే మాటిచ్చి ఉంటే రేపే వెళ్లి వద్దని చెప్పండి. ప్రోనోటు మీద సంతకం చేయకండి.