మచ్చిక నేర్పాల్సింది కుక్కకు కాదు, ఇంటికొచ్చే చుట్టాలకు

ప్రశ్న: ఎనిమిది నెలల నాటు కుక్కను తెచ్చుకుని నెలయింది. ఇంట్లోవాళ్లతో బాగానే ఉంటుంది. బయటివాళ్లు వస్తే మాత్రం మంచం కింద దూరి గుర్రుమంటుంది. వచ్చినవాళ్ల చేత బిస్కెట్లు పెట్టించి, నిమిరిస్తే ఈ భయం పోతుందా?

పోదు. కొన్నాళ్లకు గుర్రుమనడం మానేసి నేరుగా పళ్లు దించడం నేర్చుకుంటుంది, అంతే. ఈత రాని పిల్లాణ్ణి బావిలోకి తోసేసి నేర్పే పద్ధతి ఇది. తెలిసినవాళ్లు నడుముకు బెండు కట్టి దించుతారు. కుక్క విషయంలో ఆ బెండు దూరమే.

కొత్త మనిషి ఎంత దూరంలో ఉంటే మీ కుక్క చికెన్ ముక్క మామూలుగా నమిలి తింటుందో, అక్కడ మొదలుపెట్టాలి. అసలు తినకపోతే మరీ దగ్గరికి వెళ్లిపోయారు. మీ వేళ్లు కూడా కొరికేసేంత గబుక్కున లాక్కుంటోందంటే అంచున ఉన్నారు, నాలుగడుగులు వెనక్కి రండి. నిద్ర రాకపోయినా ఆవులింత, తిండి లేకుండా మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనబడటం, ముందుకాలు ఒకటి ఎత్తి ఆగిపోవడం - ఇవి భయపు గుర్తులు, మామూలుగా వీటి తర్వాతే గుర్రు వస్తుంది. ఆ గుర్రును తిడితే భయం పోదు, హెచ్చరిక ఒక్కటే పోతుంది. ‘ఉన్నట్టుండి కరిచింది’ అని జనం చెప్పే కుక్కల్లో చాలావాటి నోరు ఇలా మూయించినవే.

తిండికి ఎముకల్లేని చికెన్‌ను ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి శనగగింజంత ముక్కలు చెయ్యండి. నూరు గ్రాములు ఒక పూటకు ధారాళంగా వస్తాయి, ఆ మేరకు రాత్రి అన్నం తగ్గించాలి. మాంసం వండని ఇల్లయితే పనీర్. రోజూ తినే బిస్కెట్ భయం ముందు నిలవదు. వరస ముఖ్యం: ముందు మనిషి కనబడాలి, ఆ తర్వాతే ముక్క. తిరగేస్తే, చికెన్ డబ్బా మూత తీసిన చప్పుడుకే ‘ఎవరో వస్తున్నారు’ అని అర్థమై డబ్బాను చూసినా జడుసుకుంటుంది.

ఇక అసలు ఘట్టం. ఆదివారం పదకొండింటికి మీ బాబాయి వస్తాడనుకుందాం. బెల్లు కొట్టొద్దు, కింద నుంచి ఫోన్ చెయ్యమని ముందే చెప్పండి. ఆయన లోపలికొచ్చి సోఫాలో కూర్చునేదాకా కుక్క వెనక గదిలో ఉండాలి. కూర్చున్నాక హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ), రెండు మీటర్ల తాడుతో తీసుకొచ్చి, గదిలో ఎంత దూరం దొరికితే అంత దూరంలో ఆపండి. బాబాయి చేతిలో పదిహేను ముక్కలుండాలి. కుక్క వైపు పక్కకు తిరిగి కూర్చోవాలి, కళ్లలోకి చూడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ముక్కను కుక్క ముందుకు కాదు, దాని వెనక్కి విసరాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. చేత్తో అందిస్తే కుక్క ఆశకొద్దీ మెడ చాచి వస్తుంది. ముక్క నోట్లో పడ్డాక తల పైకెత్తితే ఎదురుగా కొత్త మొహం. ఆ క్షణంలోనే చెయ్యి పట్టేస్తుంది. వెనక్కి విసిరితే తిండీ దొరుకుతుంది, దూరం జరిగిన హాయీ దొరుకుతుంది. తిని, తనంతట తానే మళ్లీ ఒక అడుగు ముందుకొస్తుంది. ఆ అడుగు దానిది కావాలి, మీరు తాడు లాగి వేయించింది కాకూడదు.

ఐదు నిమిషాలు చాలు. బాబాయి లేవకముందే కుక్కను లోపలికి పంపండి. ఇది మరిచిపోవద్దు. గంటసేపు బుద్ధిగా కూర్చున్న కుక్క, మనిషి లేచి వీపు తిప్పగానే వెనక నుంచి మడమ పట్టుకోవడం మామూలే. ఎదురుగా ధైర్యం చాలని కుక్క వెనక నుంచి చూపిస్తుంది.

‘మా ఇంట్లో పది కుక్కలు పెరిగాయి, నన్నేం చెయ్యదు’ అంటూ వంగి తలమీద చెయ్యి పెట్టే చుట్టం ఒకడు తప్పకుండా ఉంటాడు. అలాంటివాళ్లు వచ్చిన రోజు సాధన రద్దు. తలుపు వేసేసి కాఫీ ఇచ్చి పంపండి. కుక్కలకు ఓపిక ఉంటుంది, చుట్టాలకే ఉండదు.

అదే మనిషి నాలుగైదుసార్లు వచ్చి, కుక్క వదులైన ఒంటితో తనే దగ్గరికొస్తే తాకొచ్చు. ఛాతీ మీదో, మెడ పక్కనో మూడు సెకన్లు గోకి చెయ్యి తీసెయ్యాలి. మళ్లీ ఒరుసుకుంటే ఇంకో మూడు సెకన్లు. పక్కకు జరిగితే అక్కడితో ఆపాలి.

భయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పొద్దున గ్యాస్ బండ దొర్లిన చప్పుడు, మధ్యాహ్నం కుక్కర్ విజిల్, సాయంత్రం కొత్త మనిషి. విడివిడిగా ఓర్చుకునేవే, ఒకేరోజు పడితే కరుస్తుంది. బాగా జడుసుకున్న రోజు తర్వాత ఒకటి రెండు రోజులు కొత్త పాఠం పెట్టకండి.

బయటి నడకకు తెల్లవారుజాము మంచిదంటారు. మన ఊళ్లలో కాదు. ఆ వేళ వీధికుక్కల గుంపులే రోడ్డుకు యజమానులు. చలికాలం అయితే బడి బస్సులు వెళ్లిపోయాక, తొమ్మిదిన్నర పదింటికి, వీధికుక్కలు ఎండలో పడుకునే వేళ నయం. ఎండాకాలం ఆ వేళకు రోడ్డు కాలుతుంది. అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు రోడ్డు మీద ఆనించలేకపోతే ఇంట్లోనే ఉండండి, మేడ మీద నడక రాత్రికి పెట్టుకోండి. బెదిరిన కుక్క వెనక్కి నడిచి పట్టీలోంచి తల లాగేసుకుంటుంది. అందుకే హార్నెస్‌నూ మెడ పట్టీనీ రెంటినీ కలిపే క్లిప్ తప్పనిసరి. లిఫ్ట్ వాడకండి. తలుపు తెరుచుకోగానే ఇద్దరు మనుషులు మొహం మీదికి వస్తే తప్పుకోవడానికి చోటుండదు. కుదిరితే మెట్లెక్కండి.

ఈ బాధల్లో సగం అమ్మేవాళ్ల పుణ్యం. పిల్ల లోకాన్ని తేలిగ్గా ఒప్పుకునే వయసు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. అందులో మొదటి భాగం తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా గడవాలి. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లోనే ఉంది. అయినా నెల పిల్లలను అట్టపెట్టెలో పెట్టి అమ్ముతూనే ఉన్నారు. మిగిలిన వారాలను టీకాలు పూర్తికాలేదని కొన్నవాళ్లు గదిలో బంధించి వృథా చేస్తారు. కింద దింపకుండా చంకలో ఎత్తుకుని బజారు, ఆటోలు, గొడుగులు, హెల్మెట్లు చూపించొచ్చు. మీదాని వయసు ఎనిమిది నెలలు కాబట్టి ఆ గడువు దాటింది. నేర్చుకుంటుంది, కానీ నెలలు పడుతుంది.

ఆరేడు వారాలు పద్ధతిగా చేసినా తిండి ముట్టకుండా, నిద్రలో కూడా ఉలిక్కిపడుతూ ఉంటే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ముందు చెవులు, పళ్లు, కీళ్లు చూడమనండి, నొప్పి ఉన్న కుక్క కూడా మనుషులను దగ్గరికి రానివ్వదు. ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు పనిచెయ్యడానికి నాలుగైదు వారాలు పడుతుంది, వారానికే మానేస్తే లాభం లేదు. దీపావళి టపాసుల భయానికి ఎసిప్రోమజీన్ అనే మత్తుమందు ఒక్కటే రాసిస్తే వేరేది అడగండి. అది ఒంటిని కదలనివ్వదు గానీ భయాన్ని తగ్గించదు. మనుషుల నిద్రమాత్రలు సొంతంగా వెయ్యొద్దు.

మంచం కింద చోటు మాత్రం సూట్‌కేసులతో మూసెయ్యకండి. పాత దుప్పటి పరిచి వదిలెయ్యండి. అక్కడున్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టకూడదు, చికెన్ చూపించి బయటికి రప్పించకూడదు. ఊడ్చేది కూడా అది వేరే గదిలో ఉన్నప్పుడే.