కింద చుక్క పడదు, కూలెంట్ మాత్రం తగ్గిపోతోంది: హెడ్ దించే ముందు ఇది చూడండి

అన్నా, మీ పది టైర్ల బండికి ఐదారు వందల కిలోమీటర్లకోసారి రెండు లీటర్ల కూలెంట్ తగ్గుతోంది, కింద ఒక్క చుక్క కూడా కనపడట్లేదు, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు వస్తున్నాయి, మెకానిక్ ఏమో హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్డుకీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ దించాలి అంటున్నాడు, దించమనాలా వద్దా అని కదా మీరు అడిగింది.

ఇప్పుడే దించనివ్వొద్దు. నాకు అచ్చం ఇలాగే జరిగింది, నేను మాత్రం దించేశాను. 30 వేల పైన వదిలింది. లీకు అక్కడ లేదు.

అప్పట్లో బేతంచెర్లలో బండలు ఎత్తుకుని నంద్యాల, గిద్దలూరు మీదుగా గుంటూరు వేసేవాణ్ణి. గాజులపల్లె దాటి ఘాట్ ఎక్కడం మొదలెడితే టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి జరిగేది, దిగువమెట్ట వైపు దిగేసరికి మళ్లీ మామూలు. లోడు మీద ఘాట్ కదా, ఆ మాత్రం ఎక్కదా అని ఊరుకున్నా. తర్వాత రెండు క్యాన్ల నీళ్లు క్యాబిన్‌లో పెట్టుకుని తిరగడం అలవాటైపోయింది. చివరికి షెడ్డుకి తీసుకెళ్తే మూత తీశారు, బుడగలు చూశారు, ఐదు నిమిషాల్లో తేల్చేశారు. హెడ్ దించి, లేతు దగ్గర ఫేసింగ్ కొట్టించి (అంటే అడుగు చదును చేయించి), కొత్త గాస్కెట్ వేసి పంపారు. మొదటి ట్రిప్పు తిరిగొచ్చి చూస్తే మళ్లీ లీటరున్నర తక్కువ! ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

దొరికింది ఎలాగంటే, పొద్దున్నే ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు వదులుతాం కదా, మా బండికి ఆ నీళ్లు కొన్నాళ్లుగా కాస్త ఎక్కువే వస్తున్నాయి. వానాకాలం, గాలిలో తేమ అనుకున్నా. ఒక రోజు క్లీనర్ పిల్లాడు ట్యాంకు నీళ్లు వదిలే గొలుసు లాగి "అన్నా, ఈ నీళ్లు పచ్చగా ఉన్నాయేంటి" అన్నాడు. వంగి చూస్తే నిజమే, సిమెంటు నేల మీద లేత పచ్చ మరక. వేళ్ల మధ్య రుద్దితే సబ్బు నీళ్లలా జారుతోంది. తేమ నీళ్లు అలా జారవు. అది కూలెంటే.

సంగతేంటంటే, బ్రేకులకి గాలి కొట్టే ఎయిర్ కంప్రెసర్ ఉంటుంది చూడండి, చాలా లారీల్లో దాని హెడ్డు చల్లబడేది కూడా ఇంజన్ కూలెంట్‌తోనే. ఆ చిన్న హెడ్ గాస్కెట్ పోతే, కంప్రెసర్ గాలి కొట్టేటప్పుడు ఆ గాలి కూలెంట్‌లోకి దూరుతుంది, అవే మీకు కనపడే బుడగలు. గాలి చేరిన కొద్దీ కూలెంట్ ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి బయటికి తన్నేస్తుంది, రన్నింగ్‌లో పోతుంది కాబట్టి ఎవరికీ కనపడదు. బండి ఆపాక ఇంకా వేడిగా, ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ అదే దారిన కంప్రెసర్‌లోకి కారి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఎయిర్ ట్యాంకుకి చేరుతుంది. కారు మెకానిక్కులకి ఇది తట్టదు, కారుకి ఈ గాలి కంప్రెసర్ ఉండదు కదా. లారీ షెడ్డులో వాళ్లకి ఎందుకు తట్టలేదో మాత్రం నన్నడక్కండి.

తేల్చుకోవడం తేలిక, పైసా ఖర్చు లేదు. రాత్రంతా ఆగిన చల్లటి ఇంజన్ మీదే చేయాలి. టైర్ల కింద చెక్కలు పెట్టి, ట్యాంకుల్లో గాలి మొత్తం వదిలేసి, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. గాలి ముల్లు ఎక్కుతున్నంత సేపూ బుడగలు వస్తాయి. ఎనిమిది బార్ అటూ ఇటూగా గాలి నిండి బుస్సుమని కొడుతుంది కదా, అప్పుడు బుడగలు ఆగిపోయినా, బాగా తగ్గినా అనుమానం కంప్రెసర్ మీదే. బ్రేకు ఐదారుసార్లు తొక్కి గాలి దించండి, కంప్రెసర్ మళ్లీ అందుకోగానే బుడగలు కూడా మొదలైతే ఇక సందేహం లేదు. ఇంజన్ హెడ్ గాస్కెట్ పోయి ఉంటే గాలి నిండినా నిండకపోయినా బుడగలు వస్తూనే ఉంటాయి, రేస్ చేస్తే ఇంకా ఎక్కువవుతాయి.

ఇంజన్ వేడిగా ఉండగా మూత జోలికి మాత్రం పోవద్దు. మా క్లీనర్ తడి గుడ్డ వేసి తిప్పినా మోచేతి దాకా కాలింది.

బుడగలు కంప్రెసర్‌వి కావని తేలితే అప్పుడు ప్రెషర్ టెస్టర్ పెట్టించండి. సైకిల్ పంపులా ఉంటుంది, మూత స్థానంలో బిగించి, మూత మీద రాసున్న ప్రెషర్ దాకా మాత్రమే కొట్టి పావుగంట వదిలేయాలి. ముల్లు పడిపోతుంటే క్యాబిన్ లేపి టార్చి పట్టుకుని చుట్టూ తిరగండి. కారిన చోట చుక్క ఉండాలనేం లేదు, ఎండిన తెల్లటి లేదా పచ్చటి పొడి పేరుకుని ఉంటుంది. సైలెన్సర్ మేనిఫోల్డ్ మీద పడే చుక్క అక్కడికక్కడే ఆవిరైపోతుంది, కింద నేల చూసి ఏం లాభం. వాటర్ బాడీకి (అంటే వాటర్ పంపుకి) అడుగున చిన్న కన్నం ఉంటుంది, లోపల సీలు పోతే అందులోంచే కారుతుంది, దాని కింద గీత పడిందేమో చూడండి. హోస్ క్లిప్పులు ఒక్కోసారి చల్లగా ఉన్నప్పుడే కారతాయి, ఇంజన్ వేడెక్కాక రబ్బరు ఉబ్బి మూసుకుపోతుంది, అందుకే తెల్లవారుజామున చూడమనేది.

ముల్లు పడిపోతోంది, బయట ఎక్కడా పొడి లేదు అంటే లోపలికే పోతోంది. రాత్రంతా బండి ఆపి, పొద్దున స్టార్ట్ చేయకుండా చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) నట్టు కొంచెం మాత్రమే వదులు చేయండి. నూనె కన్నా నీళ్లు బరువు కాబట్టి ముందు నీళ్లే వస్తాయి. అలా వస్తే పిస్టన్ ఆడే గొట్టం, అదే లైనర్, దాని రబ్బరు ఓరింగులో, ఆయిల్ కూలరో చూడాలి, బండి అస్సలు తిప్పొద్దు, బేరింగులు పోతాయి. నీళ్లు రాకుండా, ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ, తియ్యటి వాసన వస్తుంటే ఈజీఆర్ కూలర్ (కొంత పొగని చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మీద కూడా ఓ కన్నేయండి, అది ఉన్న బళ్లలో కూలెంట్ సైలెన్సర్ దారిన పోతుంది. ఇవన్నీ కాదని తేలాకే ఇంజన్ హెడ్డు.

ఎవరైనా పసుపు పోయమంటే పోయకండి. రేడియేటర్‌కి చిన్న కన్నం పడితే రోడ్డు మీద గండం గడవడానికి మన డ్రైవర్లు పోస్తారు, నేనూ పోశాను, ఆగుతుంది కూడా. కానీ తర్వాత ఆ ముద్ద సన్న గొట్టాల్లో ఇరుక్కుంటుంది. రోజూ బోరు నీళ్లు పోస్తున్నా అంతే, లోపల సున్నం గట్టి కడుతుంది, లైనర్లకి బయట గుంటలు పడతాయి. నీళ్లు కలపాల్సిన రకం కూలెంట్ అయితే సగం అది, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి.

నాకు చివరికి కంప్రెసర్ హెడ్డు విప్పి, గాస్కెట్ కిట్టు వేసి, ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జి (గాలిలో తేమ పీల్చే డబ్బా) మార్చి, ట్యాంకులన్నీ కడిగించేసరికి అయింది మొత్తం 7 వేల లోపే. కార్ట్రిడ్జి సంగతి మర్చిపోకండి, కూలెంట్ తగిలాక అది పనికిరాదు, ఆ తడి బ్రేకు వాల్వుల్లోకి పోతే రబ్బర్లు పాడవుతాయి, అది కూలెంట్ కన్నా పెద్ద గొడవ.

రేపు పొద్దున గొలుసు లాగి ఏ రంగు నీళ్లు వచ్చాయో రాయండి, బండి బీఎస్ (పొగ నిబంధన) 4ఓ 6ఓ కూడా చెప్పండి. అప్పటిదాకా ఆ షెడ్డు వాళ్లకి అడ్వాన్సు ఇవ్వకండి.