విప్పి బిగించిన చోట

సునాబెడ

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన ఇరవై మూడు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు చేతిలో పెట్టుకుని. విప్పి సంచిలో సర్దుకుని, కావలసిన చోట మళ్ళీ బిగించుకోగల దూరపు గురి రైఫిలు గురించి తెలుగులో ఇంత ఓపికగా రాయబోయినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ముందు ఆ సంతోషం చెప్పి, తర్వాత నా అభ్యంతరాలు చెబుతాను. అవి కాస్త ఎక్కువే ఉన్నాయి.

అయిదో పేజీలో "మిల్లీమీటరు తేడా కూడా రాని అద్భుతమైన ఖచ్చితత్వం" అని రాశావు. పెన్సిలు అక్కడే ఆగిపోయింది. నాయనా, ఈ పనిలో మిల్లీమీటరు అంటే కొండ. ముప్పై ఏళ్ళు ఇక్కడి విమాన ఇంజన్ల కర్మాగారంలో, తనిఖీ విభాగంలో, మైక్రోమీటరు పట్టుకుని బతికినవాణ్ణి. ఆ మాట నన్ను గుచ్చింది. నువ్వే లెక్క వేసి చూడు. గొట్టం రిసీవరులో, అంటే తూటాను వెనుక నుంచి మూసే కడ్డీ అయిన బోల్టూ, ట్రిగ్గరూ ఉండే మధ్యభాగంలో, కూర్చునే పొడవు 100 మిల్లీమీటర్లు అనుకో. విప్పి మళ్ళీ బిగించినప్పుడు దాని ఒక కొస 0.01 మిల్లీమీటరు పక్కకు ఒరిగిందనుకో. తల వెంట్రుక మందంలో అది ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. ఆ మాత్రం ఒరిగితేనే 1,000 మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. నీ మిల్లీమీటరు ఒరిగితే 10 మీటర్లు పోతుంది. గురి బోర్డునే కాదు, దాని పక్కనున్న రెండు మూడు బోర్డులను కూడా దాటి పోతుంది.

ఈ లెక్కను పాఠకుడి ముందు పెట్టి ఊరుకో. ఆశ్చర్యపడటం అతని పని. "అద్భుతమైన" అని నువ్వు ముందే అనేస్తే అతనికి చేయడానికి ఏమీ మిగలదు.

అదే పేజీ కింది భాగంలో "వెయ్యి మీటర్ల దూరంలో రూపాయి నాణేన్ని కొట్టగలదు" అన్నావు. ఇది ఎవరో చెప్పగా విన్న మాట. అది నీ మాట కాదు. గురిని కోణంలో కొలుస్తారు. డిగ్రీలో అరవయ్యో భాగం ఒక నిమిషం. ఆ ఒక్క నిమిషం 100 మీటర్ల దగ్గర 2.9 సెంటీమీటర్లు, 1,000 మీటర్ల దగ్గర 29 సెంటీమీటర్లు. ఆ ఒక నిమిషం కోణం లోపల గుళ్ళన్నీ పడేసే రైఫిలును మంచి రైఫిలే అంటారు. అంటే వెయ్యి మీటర్ల దూరంలో అది అన్నం తినే కంచమంత చోట గుళ్ళు పోగుచేస్తుంది. అర నిమిషం రైఫిలయినా అరచేతికన్నా పెద్ద చోటే కావాలంటుంది. ఇదంతా గాలి లేనప్పటి మాట. 1952లో వచ్చిన .308 వించెస్టర్ తూటానే తీసుకో. దాని గుండు వెయ్యి మీటర్లు చేరడానికి ఒకటిన్నర సెకన్లకు పైగా పడుతుంది. ఈలోగా పది మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. గంటకు పది కిలోమీటర్ల అడ్డగాలి, మన వంశధార గట్టున సాయంత్రం వీచేపాటి గాలి, దాన్ని మీటరుకు పైగా తోసేస్తుంది. నాణెం ఎక్కడ, కంచం ఎక్కడ! కంచం అని రాయి. కంచం నిజం. నిజం చెప్పినందువల్ల ఆ పనితనం విలువ ఏమీ తగ్గదు. అంత దూరాన, అన్ని అడ్డంకుల మధ్య, కంచమంత చోటు దొరకడమే ఎంత కష్టమో పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ వ్యాసంలో గొట్టం గురించి ఆరు పేజీలున్నాయి. మెలితిరిగిన గాడులు గుండును ఎలా తిప్పుతాయో బాగా చెప్పావు. ఆ గాడి 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగితే, సెకనుకు 800 మీటర్ల వేగంతో బయటపడే గుండు నిమిషానికి 1,80,000 సార్లకు పైగా తిరుగుతుంది. ఆ అంకె కూడా చేర్చు. టెలిస్కోపు గురించి నాలుగు పేజీలు, భుజానికి ఆనే తుపాకీ మడమ గురించి రెండు. కానీ గొట్టం వచ్చి కూర్చునే చోటు గురించి ఒక్క వాక్యం. "గొట్టాన్ని బిగించగానే రైఫిలు సిద్ధమవుతుంది" అని. మామూలు రైఫిలు గురించి రాస్తే ఆ వాక్యం చాలు. విప్పే రైఫిలుకు కథ మొత్తం ఆ వాక్యంలోనే ఉంది. నువ్వు దాన్ని దాటి వెళ్ళిపోయావు.

మా నాయనమ్మ వంటింట్లో గుండ్రటి అడుగున్న మట్టికుండలు ఉండేవి. వాటి కింద ఎండుగడ్డితో పేనిన కుదుర్లు. కుండను రోజుకు పదిసార్లు ఎత్తి, నీళ్ళు వంచి, మళ్ళీ పెట్టినా అది కదలకుండా తన చోట తాను కూర్చునేది. కుదురుకు వాలు ఉంది. కుండ తన బరువుతోనే ఆ వాలు మీదుగా జారి తన చోటు వెతుక్కుంటుంది. అదే కుండను సరిగ్గా దాని కొలతకే తవ్విన నిటారు గుంటలో పెట్టి చూడు. గుంట బిగుతుగా ఉంటే కుండ దిగదు. దిగాలంటే చుట్టూ కొంత ఖాళీ వదలాలి. ఖాళీ ఉందంటే ఈ పూట ఇటు ఒరుగుతుంది, రేపు అటు ఒరుగుతుంది. గొట్టం బాధ కూడా ఇదే. చేత్తో విప్పి చేత్తో పెట్టాలంటే ఖాళీ ఉండక తప్పదు. ఖాళీని మొత్తంగా తీసేయడం ఎవరి వల్లా కాదు. గొట్టం ప్రతిసారీ ఒకే పక్కకు ఆనేలా, ఒకే బలంతో నెట్టడం మాత్రం సాధ్యం. వాలు కుదుర్లు, వి ఆకారపు గాడులు, ఒక వైపు నుంచి నెట్టే మరలు, కొలిచిన బలంతోనే మరను తిప్పే ప్రత్యేకమైన పానా, ఇవన్నీ ఆ ఒక్క పని కోసం పుట్టాయి.

ముక్కాలిపీటను గుర్తు చేసుకో. ఎంత ఎగుడుదిగుడు నేల మీద వేసినా అది ఊగదు. నాలుగు కాళ్ళ మంచం ఊగుతుంది. ఆనే చోట్లు ఎక్కువైతే వాటిలో ఏ మూడు ఆనుతాయో ప్రతిసారీ మారిపోతుంది. 19వ శతాబ్దంలో కెల్విన్, మాక్స్‌వెల్ వంటి భౌతిక శాస్త్రవేత్తలు ప్రయోగ పరికరాల విషయంలో ఆలోచించినది ఇదే. ఒక వస్తువు కదలకుండా ఉండటానికి ఎన్ని ఆనింపులు కావాలో అన్నే ఇవ్వాలి, ఎక్కువ ఇవ్వకూడదు. నీ వ్యాసంలో ఈ పీటకు ఒక పేజీ ఇవ్వు. నా మాట నమ్ము, గాడుల పేజీలకన్నా దాన్నే జనం గుర్తుంచుకుంటారు.

కుదురు గురించి రాసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకో. దేనికి దేనితో సంబంధం చెడకూడదు? గొట్టానికీ టెలిస్కోపుకీ. రైఫిల్లో మిగిలినదంతా కాస్త అటూ ఇటూ అయినా గురి బతుకుతుంది. ఈ రెండింటి మధ్య ఒరుగు వస్తే బతకదు. జర్మనీలోని ఇస్నీ పట్టణంలో ఉన్న బ్లేజర్ సంస్థవారు 1993లో ఆర్93 అనే వేట రైఫిలునూ, 2008లో ఆర్8నూ తెచ్చినప్పుడు టెలిస్కోపును నేరుగా గొట్టం మీదే కూర్చోబెట్టారు. రెండు మరలు విప్పితే గొట్టం టెలిస్కోపుతో సహా కర్ర నుంచి ఊడి వస్తుంది. ఎన్నిసార్లు విప్పినా ఆ రెండూ విడిపోవు. అంతేకాదు, బోల్టు తల వెళ్ళి తాళం పడేది కూడా గొట్టంలోనే. ఇక్కడ ప్రాణభద్రత కూడా ఉంది. తూటా వెనుక బోల్టుకూ, గొట్టం వెనుక కొసన ఉండే గదిలో తూటా ఆగే చోటుకూ మధ్య దూరం హద్దు దాటితే ఇత్తడి తొడుగు చీలిపోవచ్చు, కాల్చేవాడి ముఖం దగ్గరే. బోల్టు గొట్టానికే తాళం పడితే ఆ దూరం కర్మాగారంలో స్థిరపడిపోయినట్టే. బయట మరలు ఎవరు ఎలా బిగించినా అది మారదు.

టెలిస్కోపు రిసీవరు మీద ఉండి గొట్టం మాత్రమే విడిపోయే రైఫిళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ భారమంతా కుదురు మీదే పడుతుంది. 1914లో బెల్జియంలో తయారీ మొదలైన బ్రౌనింగ్ .22 రైఫిలులో, అరుగుదల వల్ల వచ్చే వదులును తీయడానికి గొట్టం దగ్గర ఒక సర్దుబాటు ఉంగరం పెట్టారు. అది దూరపు గురి తుపాకీ కాదు. కానీ అతుకు అరుగుతుందని ముందే ఊహించి, దానికి మందు కూడా అక్కడే పెట్టిన మనిషి బుద్ధిని నువ్వు రెండు వాక్యాల్లోనయినా గౌరవించాలి. 1959 నాటి ఏఆర్-7 గురించి నువ్వు రాసిన పేరా ఉంచు. గొట్టం, రిసీవరు అన్నీ మడమ బోలులోనే దూరిపోయి, నీళ్ళలో పడినా తేలే ఆ చిన్న తుపాకీ ఈ వంశంలో మరో కొమ్మ. దానికి పేరా చాలు.

ఎనిమిదో పేజీలో రెండు వేర్వేరు విషయాలను కలిపేశావు. గుళ్ళ గుంపు పెద్దదవడం ఒకటి, గుంపు మొత్తం పక్కకు జరగడం మరొకటి. అయిదు గుళ్ళు కాల్చి, విప్పి, బిగించి, మళ్ళీ అయిదు కాలిస్తే రెండు గుంపులూ చిన్నవే అయి ఉండవచ్చు, అయినా వాటి మధ్య జానెడు దూరం ఉండవచ్చు. అప్పుడు గొట్టం మంచిదే, కుదురు చెడ్డది. విప్పే రైఫిలుకు అసలు పరీక్ష ఈ రెండో కొలత. ఒకసారి విప్పి చూసి తీర్పు చెప్పకూడదు. పదిసార్లు విప్పి బిగించి చూడాలి.

వేడి సంగతి నువ్వు తలచుకోనే లేదు. డిసెంబరు తెల్లవారుజామున మా సునాబెడ చలికీ మే మధ్యాహ్నం మీ గుణుపురం ఎండకూ 30 డిగ్రీల తేడా తేలిగ్గా ఉంటుంది. ఉక్కు గొట్టం, అల్యూమినియం రిసీవరు ఒకేలా వ్యాకోచించవు. 25 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర ఆ 30 డిగ్రీలకు రెంటి మధ్య సుమారు 0.008 మిల్లీమీటరు తేడా వస్తుంది. మొదట చెప్పిన 0.01తో పోల్చి చూసుకో.

సంచిలో పట్టాలంటే గొట్టాన్ని పొట్టిగా కోసేస్తే పోయేది కదా అని పాఠకుడు అడుగుతాడు. .308లో గొట్టం అంగుళం తగ్గితే గుండు సెకనుకు సుమారు 6 నుంచి 9 మీటర్ల వేగం కోల్పోతుంది. దూరం వెళ్ళాల్సిన గుండుకు అది నష్టమే. అందుకే కోయకుండా విడదీశారు. ఇది మొదటి పేజీలోనే ఉండాలి.

మాటల గురించి ఒక సంగతి చెప్పాలి. నా తొలి కథల్లో ఒకటి లేత్ మిషను దగ్గర పనిచేసే మనిషి గురించి. అప్పటికింకా నాకు ఆ పని తెలియదు. పత్రికలో అచ్చయ్యాక ఒక పెద్ద ఫిట్టరు చదివి, ఏమీ అనకుండా, పెన్నుతో ఏడు మాటల కింద గీతలు గీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఏడూ ఆ పనిలో ఎవరూ అనని మాటలు. తన బతుకును నేను దూరం నుంచి చూసి రాశానని ఆయనకు నొప్పి కలిగింది. ఆ నొప్పి నాకు ఇప్పటికీ గుర్తుంది. మీకు దగ్గర్లోనే ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవరలను ఇంటికి పిలిపించుకుని వాళ్ళ నోటి నుంచే వాళ్ళ భాష నేర్చుకున్నారు. నిఘంటువు, వ్యాకరణం రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళారు. చదువుకున్న పెద్దమనిషి కొండ మనిషి ముందు విద్యార్థిగా కూర్చున్నాడు. నువ్వు కూడా అలా ఒక ఫిట్టరు ముందు కూర్చో. "గొట్టం కూర్చుందా?" అని అడుగుతాడు అతను, "బిగిసిందా?" అని అడగడు. బిగిసినదల్లా కూర్చున్నట్టు కాదని అతని చేతికి తెలుసు.

మరో మాట, ఇది చెప్పడానికి కాస్త తటపటాయించాను. సంచిలో పట్టే రైఫిలు అంటే ఎవరి కంటా పడకుండా తీసుకెళ్ళగల రైఫిలు. నీ వ్యాసంలో ఆ వాక్యం ఎక్కడా లేదు. వేటగాడి ప్రయాణం, కూలిన విమానం నుంచి బయటపడిన పైలటు, పోటీలకు వెళ్ళే క్రీడాకారుడు, అందరూ ఉన్నారు. మాటు వేసే సైనికుడు లేడు. మనం ఉండే జిల్లాల్లో తుపాకీ అనే మాట వినగానే ఇళ్ళలో గొంతులు తగ్గుతాయి. 2004 ఫిబ్రవరి 6న కోరాపుట్‌లో ఆయుధాగారం మీద నక్సలైట్ల దాడి జరిగింది. ఆ మర్నాడు షిఫ్టు బస్సులో ఎవరూ నోరు విప్పలేదు. మల్కనగిరిలో, రాయగడ కొండల్లో ఇరువైపులా పోయినవాళ్ళ తల్లులు నీ పాఠకుల్లో ఉంటారు. పనితనాన్ని మెచ్చుకో, నేను కూడా మెచ్చుకుంటాను, ప్రాణంగా మెచ్చుకుంటాను. కానీ ఆ పనితనం చివర ఏముందో దాచకు. ఒక్క పేరా చాలు. దానికి విశేషణాలు వద్దు. "మృత్యుదూత" అన్న మాట మూడుచోట్ల కొట్టేశాను.

వచ్చే నెల రెండో ఆదివారం వీలు చేసుకుని రా. రాయగడ దాకా బస్సులో వచ్చి అక్కడ కోరాపుట్ రైలెక్కు. స్టేషనుకు నేను వస్తాను. మా వీధిలో ఒక ఫిట్టరు ఉన్నాడు, నాతోపాటే పదవీ విరమణ చేశాడు. ఇంజను విప్పి మళ్ళీ కట్టేటప్పుడు ప్రతి రెక్కా తన గాడిలోకే ఎలా తిరిగి వెళ్ళేదో అతను చెబుతాడు. అతని ఇంట్లో పాత డయల్ గేజీ ఒకటి ఉంది. 0.01 మిల్లీమీటరుకు ముల్లు ఎంత కదులుతుందో నువ్వు నీ కంటితో చూడాలి. గేజీని బిగించిన ఇనుప దిమ్మను వేలితో కాస్త నొక్కినా ముల్లు కదులుతుంది.

వచ్చేటప్పుడు అయిదో పేజీ, ఎనిమిదో పేజీ తెచ్చుకో. మిగిలినవి నా దగ్గరే ఉంటాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు