మగ తూనీగ ఎగిరాడా, ఎగిరిందా?

సందేహం: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఇంట్లో తెలుగు, చదివింది మరాఠీలో. పిల్లల కోసం తూనీగల గురించి తెలుగులో రాస్తూ "మగ తూనీగ రెక్కలకు నల్లరంగు వేసుకుని, తాను ఆరోగ్యంగా ఉన్నాడని ఆడవాళ్లకు చెబుతున్నాడు" అన్నాను. మా అమ్మ చదివి నవ్వింది. తప్పెక్కడ?

సమాధానం: అమ్మగారి నవ్వులో న్యాయం ఉంది.

పశుపక్ష్యాదుల దగ్గర తెలుగు క్రియ ఆడా మగా తేడా చూడదు. పుంజు కూసింది, దున్న కుమ్మింది, గిత్త కాడి వదిలించుకుంది. ఎంత మగతనం ఉట్టిపడినా 'డు' రాదు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయ సూరి స్త్రీలను, తిర్యక్కులను (పశుపక్ష్యాదులను), జడాలను (ప్రాణం లేనివాటిని) మహత్తుల్లో, అంటే 'డు' చేరే మగవారి పేర్ల వర్గంలో, చేర్చలేదు. (స్త్రీలను పక్కన పెట్టినందుకు అలిగేవారు అలగవచ్చు, ఏకవచన క్రియ మాత్రం నేటికీ ఆ దారినే నడుస్తోంది.) 'నక్కబావ వచ్చాడు' అంటాం కదా అంటారేమో, ఆ 'డు' బావది, నక్కది కాదు. అలాగే 'ఆడవాళ్లకు' కాదు, 'ఆడవాటికి'.

మీకు మరాఠీ అడ్డువచ్చి ఉంటుంది. అక్కడ 'చతుర్' పుంలింగం, క్రియా దాన్నే అనుసరిస్తుంది. కానీ మీరు రాస్తున్నది సన్నటి ఒళ్లుండి, రెక్కలు ముడుచుకుని వాలే రకం. దాన్ని మరాఠీలో టాచణీ అంటారు, అది స్త్రీలింగం. ఆ లెక్కన మరాఠీలోనూ మీ 'డు'కు ఆధారం లేదు.

అసలు చిక్కు 'వేసుకుని' దగ్గర ఉంది. 'కొను' చేరితే ఆ పని తన కోసం, తన ఇష్టంతో చేసినట్టు. వండింది వేరు, వండుకుంది వేరు. రంగు సంగతి తూనీగ చేతిలో లేదు. నీళ్లలో పెరిగిన పిల్లపురుగు చివరిసారి కుబుసం విడిచి రెక్కలు విప్పాక, తొలి రోజుల్లోనే రంగు తేరుతుంది. ఐరోపాలోని కాలోప్టెరిక్స్ అనే సన్న తూనీగ జాతుల్లో ఆ నలుపు మెలనిన్ అనే రంగు పదార్థం వల్ల వచ్చేది. ఒంట్లోకి చొరబడిన పరాన్నజీవిని చుట్టుముట్టి బంధించడానికి కూడా పురుగు వాడేది మెలనిన్‌నే. తిండి చాలక, రోగాలతో సతమతమైన మగదానికి ఇక రెక్కల మీద ఖర్చుపెట్టడానికి మిగిలేది తక్కువ. ఒకసారి తేరిన మచ్చను తర్వాత దిద్దుకునే వీలూ లేదు. అందుకే 'రంగు తేరుతుంది' లేదా 'రంగు వస్తుంది' అనండి.

ఆ మచ్చను చూసేది ఆడదే కానక్కరలేదు. అమెరికా ఖండంలోని హెటెరైనా అమెరికానా అనే తూనీగ మగవాటికి రెక్కల మొదట్లో ఎర్రమచ్చ ఉంటుంది. పెద్దమచ్చ ఉన్నది ఏటి ఒడ్డున తన చోటు నిలబెట్టుకోవడంలో ముందుంటుంది. అక్కడి పోటీ సాటి మగవాటితోనే. చూశారా, 'నిలబెట్టుకోవడం'లో 'కొను' ఎంత చక్కగా నప్పిందో! ఆ పోరు అది స్వయంగా చేసేదే మరి.

ఇక 'తాను ఉన్నాడని'. తన మాటను 'అని'తో చెప్పేటప్పుడు 'తాను' వెంట ఉత్తమ పురుష క్రియ ('నేను'కు వచ్చేది) రావడం తెలుగు పద్ధతి: 'తాను వస్తానని చెప్పాడు'. కాబట్టి తూనీగ చేత చెప్పించాలనుకుంటే 'ఉన్నానని' అనాలి. నేనైతే చెప్పించను. 'తెలుస్తుంది' ఉండగా దానికి నోరు ఎందుకు?

"మగ తూనీగ రెక్కల మీది మచ్చను బట్టి దాని ఒంటి సత్తువ ఎంతో తెలుస్తుంది."